షుగర్ ఉన్నవారికి పెద్ద పరుగు పందేల్లో అర్హత: తెలుసుకోవలసిన విషయాలు

ఇంట్లో ఒకరికి షుగర్ అని తేలగానే చాలా కుటుంబాల్లో మొదట ఆగిపోయేది ఆట. నిన్నటి దాకా గ్రౌండుకు వెళ్లిన పిల్లాణ్ణి అమ్మీ వెనక్కి పిలుస్తుంది. "పరిగెడుతూ కళ్లు తిరిగి పడిపోతే ఎవరు చూస్తారు?" అన్న ఆమె భయం ఉత్త భయం కాదు. షుగర్ ఒక్కసారిగా పడిపోవడం నిజంగా ప్రమాదమే. కానీ ఆట మానడం ఒక్కటే దానికి జవాబు కాదు. ఇన్సులిన్ మీద ఉంటూనే మారథాన్లు, వందల కిలోమీటర్ల సైకిల్ రేసులు పూర్తి చేసేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వారిలో కొందరు పేరు నమోదు చేసుకోవడంతో ఆగలేదు. టైమ్ సాధించిన వాళ్లకు మాత్రమే చోటిచ్చే పందేలకు అర్హత సంపాదించారు.

ఆ అర్హత ఎలా వస్తుంది, షుగర్ ఉన్నవారు అదనంగా ఏం చూసుకోవాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులోని షుగర్ అంకెలు మామూలు ల్యాబ్ రిపోర్టుల్లో ఉండేవే, అంటే డెసీలీటరు రక్తానికి మిల్లీగ్రాముల్లో. మందు మోతాదుల గురించి చెప్పినవి డాక్టర్‌తో మాట్లాడటానికి ఉపయోగపడే సమాచారం మాత్రమే. డాక్టర్ సలహా లేకుండా సొంతంగా మోతాదు మార్చుకోకూడదు.

అర్హత అంటే ఏమిటి?

మామూలు మారథాన్‌కు డబ్బు కట్టి పేరు రాయించుకుంటే చాలు. హైదరాబాద్‌లో ఏటా ఆగస్టులో జరిగే మారథాన్ అలాంటిదే. విశాఖలో నేవీ నిర్వహించే మారథాన్ కూడా అంతే. కొన్ని పందేలకు మాత్రం ముందు వేరే చోట పరిగెత్తి, ఒక టైమ్ చూపించాలి.

వాటిలో అందరికీ తెలిసింది అమెరికాలోని బోస్టన్ మారథాన్. 1897లో మొదలైన ఈ పందెంలో దూరం 42.195 కిలోమీటర్లు. వయసును బట్టి, స్త్రీలకు పురుషులకు వేర్వేరుగా టైమ్ నిర్ణయిస్తారు. 2026 పందెం నుంచి 60 ఏళ్ల లోపువారికి ఈ టైమ్‌లను అయిదేసి నిమిషాలు బిగించారు. వాటిలో కొన్ని ఇవి:

- 18–34 ఏళ్లు: పురుషులకు 2 గంటల 55 నిమిషాలు, స్త్రీలకు 3 గంటల 25 నిమిషాలు
- 35–39 ఏళ్లు: పురుషులకు 3 గంటలు, స్త్రీలకు 3 గంటల 30 నిమిషాలు
- 45–49 ఏళ్లు: పురుషులకు 3 గంటల 15 నిమిషాలు, స్త్రీలకు 3 గంటల 45 నిమిషాలు
- 55–59 ఏళ్లు: పురుషులకు 3 గంటల 30 నిమిషాలు, స్త్రీలకు 4 గంటలు

ఈ టైమ్ సాధించినా చోటు ఖాయం కాదు. దరఖాస్తులు ఎక్కువైతే, ఎక్కువ వేగం ఉన్నవారికే ముందు చోటిస్తారు. 2024 పందెంలో చోటు దొరకాలంటే నిర్ణీత టైమ్ కన్నా 5 నిమిషాల 29 సెకన్లు ముందుండాల్సి వచ్చింది. 2025లో అది 6 నిమిషాల 51 సెకన్లు, 2026లో 4 నిమిషాల 34 సెకన్లు. అర్హత కోసం పరిగెత్తే మారథాన్ దారి కూడా అధికారికంగా కొలిచి ధ్రువీకరించినదై ఉండాలి. పేరు కట్టే ముందే ఆ సంగతి కనుక్కోవాలి.

దక్షిణాఫ్రికాలోని కామ్రేడ్స్ పరుగు డర్బన్, పీటర్‌మారిట్స్‌బర్గ్ నగరాల మధ్య దాదాపు 90 కిలోమీటర్లు సాగుతుంది. గడువు 12 గంటలు. భారతదేశం నుంచి ఏటా చాలామంది వెళ్లే ఈ పందానికి కూడా ముందుగా ఒక మారథాన్‌ను నిర్ణీత టైమ్ లోపల పూర్తి చేసి చూపాలి.

మూడోది ఐరన్‌మ్యాన్. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆ తర్వాత పూర్తి మారథాన్, అన్నీ ఒకే రోజు. దీని ప్రపంచ పోటీకి వెళ్లాలంటే మరో ఐరన్‌మ్యాన్ పందెంలో పోటీపడి స్థానం గెలుచుకోవాలి. ఇందులో సగం దూరం పోటీ 2019 నుంచి గోవాలో జరుగుతోంది. సగం దూరం ప్రపంచ పోటీకి కొన్ని స్థానాలు అక్కడే దక్కుతాయి.

ఈ పందేలన్నిటిలో షుగర్ ఉన్నవారికి ఒకటే సూత్రం. షుగర్ ఉందన్న కారణంతో ఎవరినీ గేటు దగ్గర ఆపరు. షుగర్ ఉందని ఒక్క నిమిషం రాయితీ కూడా ఇవ్వరు. చూపు లేనివారికి, కాళ్లూ చేతుల్లో లోపం ఉన్నవారికి బోస్టన్‌లో ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. షుగర్‌కు అలాంటి విభాగం లేదు.

దారి చూపినవారు

అమెరికాకు చెందిన మిస్సీ ఫాయ్‌కు టైప్ 1 షుగర్. ఇన్సులిన్ వాడుతూనే ఆమె 2000 సంవత్సరపు అమెరికా ఒలింపిక్ మారథాన్ ఎంపిక పందానికి అర్హత సాధించారు. ఒక దేశపు ఒలింపిక్ జట్టును ఎంచే పరుగులో, ఆ దేశంలోని మేటి పరుగు మహిళల పక్కన నిలబడే హక్కు అది.

ఫిల్ సదర్‌లాండ్‌కు 7 నెలల పసివయసులోనే టైప్ 1 అని తేలింది. 25 ఏళ్లు దాటి బతకడని అప్పట్లో డాక్టర్లు తల్లికి చెప్పారు. ఆ పిల్లాడే పెద్దవాడై జో ఎల్డ్రిడ్జ్‌తో కలిసి టైప్ 1 ఉన్న సైకిలిస్టుల జట్టు కట్టాడు. అమెరికాను ఒక తీరం నుంచి ఇంకో తీరం దాకా, సుమారు 4,800 కిలోమీటర్లు దాటే రిలే రేసును ఆ జట్టు 2007లో గెలిచింది. 2013 సీజన్ నుంచి అది సభ్యులందరికీ షుగర్ ఉన్న వృత్తి సైకిల్ జట్టుగా మారింది. దాదాపు 300 కిలోమీటర్ల మిలాన్–సాన్‌రెమో లాంటి రేసులకు జట్లను ఆహ్వానించి పిలుస్తారు. అక్కడికీ ఈ జట్టు వెళ్లింది.

బ్రిటన్ పడవ పందేల వీరుడు స్టీవ్ రెడ్‌గ్రేవ్‌కు 1997లో షుగర్ బయటపడింది. ఇన్సులిన్ వాడుతూ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో తన అయిదో బంగారు పతకం గెలిచాడు. పాకిస్తాన్ ఫాస్ట్ బౌలర్ వసీం అక్రమ్ పేరు ఇక్కడి ఇళ్లలో అందరికీ తెలిసిందే. సుమారు 30 ఏళ్ల వయసులో అతనికి టైప్ 1 అని తేలింది. ఆ తర్వాత కూడా ఆడుతూ 2003 ప్రపంచ కప్‌లో వన్డేల్లో 500 వికెట్లు దాటిన మొదటి బౌలర్ అయ్యాడు. క్రికెట్, పడవ పందెం మారథాన్ లాంటివి కావు. కానీ షుగర్‌తో ఆట ముగిసిపోదని చెప్పడానికి ఈ పేర్లు చాలు.

పరుగులో శరీరం ఏం చేస్తుంది?

మామూలు మనిషి పరుగు మొదలుపెట్టగానే అతని శరీరం ఇన్సులిన్‌ను దానంతటదే తగ్గించేస్తుంది. కాలేయం దాచిన చక్కెరను వదులుతుంది. కండరాలు ఎంత లాక్కుంటే అంత అందుతుంది కాబట్టి రక్తంలో అంకె పెద్దగా కదలదు.

ఇన్సులిన్ ఇంజెక్షన్ వేసుకునేవారికి ఆ సౌకర్యం లేదు. ఒకసారి చర్మం కిందకు వెళ్లిన ఇన్సులిన్‌ను వెనక్కి తీసుకోలేం. అది తన పని తాను చేస్తూ పోతుంది. పైగా కదులుతున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండా కూడా చక్కెరను లాక్కుంటుంది. రెండూ కలిసేసరికి షుగర్ వేగంగా పడిపోతుంది. తొడలో ఇంజెక్షన్ వేసుకుని వెంటనే పరిగెడితే మందు ఇంకా త్వరగా రక్తంలో కలుస్తుంది. ఎండలోనూ అంతే.

దీనికి పూర్తి వ్యతిరేకమూ జరుగుతుంది. పందెం ఉదయం, స్టార్ట్ లైన్ దగ్గర గుండె దడదడలాడుతున్నప్పుడు అడ్రినలిన్ వల్ల షుగర్ పైకి ఎగబాకుతుంది. ట్రైనింగ్‌లో 140 ఉండే మనిషికి పందెం రోజు 230 కనిపించవచ్చు. అది చూసి కంగారుగా పూర్తి మోతాదు ఇన్సులిన్ వేసుకుంటే, పది కిలోమీటర్లు దాటాక అంకె కూలిపోతుంది. అనుభవం ఉన్నవారు కూడా పడే గొయ్యి ఇదే.

ఇంకో విషయం పరుగు అయ్యాక మొదలవుతుంది. ఖాళీ అయిన కండరాలు, కాలేయం మళ్లీ చక్కెరను నింపుకుంటాయి. ఇన్సులిన్ ప్రభావం 24 గంటలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువసేపు బలంగా ఉంటుంది. ఆదివారం పొద్దున లాంగ్ రన్ చేసిన మనిషికి ఆ రాత్రి నిద్రలో షుగర్ పడిపోవచ్చు. పక్కన పడుకున్నవారికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

పదిహేను నిమిషాల లెక్క

షుగర్ 70 కన్నా తగ్గితే డాక్టర్లు చెప్పే సూత్రం సులువు. 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకోవాలి, 15 నిమిషాలు ఆగాలి, మళ్లీ చూడాలి. ఆరోగ్యం కోసం పరిగెత్తేవారికి ఇందులో నష్టమేమీ లేదు. అర్హత కోసం పరిగెత్తేవారికి ఈ ఒక్క ఆగడమే పందెం మొత్తం.

లెక్క చూడండి. 3 గంటల 25 నిమిషాల లక్ష్యంతో పరిగెత్తే యువతి ఒక్కో కిలోమీటరును సుమారు 4 నిమిషాల 51 సెకన్లలో దాటాలి. 25వ కిలోమీటరు దగ్గర ఆమె 15 నిమిషాలు ఆగిందనుకుందాం. ఇంకా మిగిలింది 17 కిలోమీటర్లు. పోయిన టైమ్ రాబట్టాలంటే ప్రతి కిలోమీటరునూ 50 సెకన్లకు పైగా వేగంగా పరిగెత్తాలి. అది అయ్యే పని కాదు. బోస్టన్‌లో చోటు తేలేది అయిదారు నిమిషాల తేడాతో కాబట్టి, ఒక్కసారి షుగర్ పడిపోతే ఆ ఏడాది అర్హత చేజారినట్టే.

అందుకే కొందరు "పడిపోకుండా ఉంటే చాలు" అని షుగర్‌ను 250, 300 దగ్గర పెట్టుకుని పరిగెత్తాలని చూస్తారు. దానివల్లా లాభం లేదు. షుగర్ ఎక్కువైతే మూత్రం ఎక్కువగా పోతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. ఇన్సులిన్ మరీ తక్కువైతే కీటోన్లు పేరుకుంటాయి. అది ప్రాణానికే ప్రమాదం.

కాబట్టి అర్హత టైమ్ వచ్చేది మొండిగా లాగడం వల్ల కాదు. పడిపోయే దాకా రానివ్వకుండా ముందే చూసుకోవడం వల్ల. మిగతా వ్యాసమంతా ఆ ముందుచూపు గురించే.

పరుగు మొదలుపెట్టే ముందు చూడవలసిన అంకెలు

టైప్ 1 ఉన్నవారి వ్యాయామంపై 2017లో అంతర్జాతీయ నిపుణులు ఒక ఉమ్మడి పత్రం ప్రచురించారు. చాలామంది డాక్టర్లు దాన్నే ఆధారం చేసుకుంటారు. గంట దాకా సాగే మామూలు వేగపు వ్యాయామానికి అందులో చెప్పిన అంకెలు స్థూలంగా ఇవి:

- 90 కన్నా తక్కువ: మొదలుపెట్టకూడదు. 10–20 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 90 దాటే దాకా ఆగాలి.
- 90–124: 10 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని మొదలుపెట్టవచ్చు.
- 126–180: మొదలుపెట్టడానికి మంచి స్థితి.
- 182–270: మొదలుపెట్టవచ్చు, కానీ అంకె ఇంకా పెరుగుతుందేమో గమనించాలి.
- 270 దాటితే, ఎందుకు పెరిగిందో తెలియకపోతే: కీటోన్ పరీక్ష చేయాలి. రక్తంలో కీటోన్లు 1.5 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ రోజు పరుగు వద్దు, డాక్టర్‌ను కలవాలి.

గడిచిన 24 గంటల్లో ఇతరుల సాయం అవసరమయ్యేంతగా షుగర్ పడిపోయి ఉంటే, ఆ రోజు పరుగు పూర్తిగా మానాలి. ఒకసారి పడిపోయాక, మరుసటి రోజు శరీరం ఇచ్చే హెచ్చరికలు బలహీనపడతాయి. చెమట, వణుకు లాంటి గుర్తులు కనిపించకుండానే మళ్లీ పడిపోవచ్చు. వేల రూపాయలు కట్టిన పందెం అయినా, విమానం ఎక్కి వచ్చిన పందెం అయినా ఇదే నియమం.

తిండి, ఇన్సులిన్

గంట దాటిన పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అవసరమవుతుంది. గట్టిగా పోటీపడేవారు గంటకు 75–90 గ్రాముల దాకా వెళతారు. మూడున్నర గంటల మారథాన్‌కు గంటకు 60 గ్రాముల చొప్పున లెక్కేస్తే 210 గ్రాములు. 25 గ్రాముల జెల్ ప్యాకెట్లయితే ఎనిమిది దాకా కావాలి. ఇది షుగర్ లేనివారూ తినేదే. షుగర్ ఉన్న క్రీడాకారుడు అంత చక్కెర తినడం చూసి ఇంట్లో పెద్దలు ఉలిక్కిపడతారు. పరుగులో అది కండరాలు కాల్చేసే ఇంధనం. టీలో వేసుకునే చక్కెరతో దాన్ని పోల్చకూడదు.

కడుపుకు కూడా శిక్షణ కావాలి. ఏ జెల్, ఎన్ని నిమిషాలకు, ఎన్ని నీళ్లతో అన్నది లాంగ్ రన్‌లలోనే తేల్చుకోవాలి. పందెం రోజు కొత్తది ఏదీ నోట్లో పెట్టకూడదు.

షుగర్ పడిపోయినప్పుడు మాత్రం గ్లూకోజే మేలు. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి సుమారు 15 గ్రాములు అవుతుంది. ఖర్జూరం మంచి ఆహారమే కానీ, పీచు ఉంటుంది కాబట్టి గ్లూకోజంత వేగంగా రక్తంలోకి వెళ్లదు. చాక్లెట్‌లో కొవ్వు ఉండి ఇంకా ఆలస్యం చేస్తుంది. ఖర్జూరాలు ముందు తినడానికి, గ్లూకోజ్ ఆపదకు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

పరుగుకు ముందు రెండు మూడు గంటల్లో భోజనం ఉంటే, ఆ భోజనానికి వేసుకునే ఇన్సులిన్‌ను 25 నుంచి 75 శాతం దాకా తగ్గించే పద్ధతి ఉంది. పంపు వాడేవారు పరుగుకు సుమారు 90 నిమిషాల ముందే మూల మోతాదును తగ్గిస్తారు. ఎవరికి ఎంత అన్నది పరుగు దూరం, వేగం, మనిషిని బట్టి మారుతుంది. డాక్టర్‌తో కలిసి, నోట్‌బుక్‌లో అంకెలు రాసుకుంటూ నెలల తరబడి తేల్చుకోవాల్సిన విషయం ఇది.

నెక్లెస్ రోడ్డు మీదో, కేబీఆర్ పార్కు చుట్టో తెల్లవారుజామున 5 గంటలకు పరిగెత్తేవారికి ఒక అనుకూలత ఉంది. ఆ వేళ భోజనానికి వేసుకున్న ఇన్సులిన్ ఒంట్లో దాదాపు ఉండదు. సాయంత్రం పరుగుతో పోలిస్తే షుగర్ పడిపోయే అవకాశం తక్కువ. మారథాన్లు కూడా పొద్దున్నే మొదలవుతాయి కాబట్టి, ట్రైనింగ్ కూడా అదే వేళకు పెట్టుకోవడం మంచిది.

మాత్రలు వాడేవారు

దేశంలో షుగర్ ఉన్నవారు సుమారు 10 కోట్ల మంది అని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. వీరిలో ఎక్కువమందిది టైప్ 2. నలభై దాటాక పరుగు మొదలుపెట్టి, వయసు విభాగంలో అర్హత కోసం ప్రయత్నించేవారు వీరిలోనూ ఉన్నారు. వీరికి ఏ మాత్ర వాడుతున్నారన్నదే ముఖ్యం.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ పడిపోయే భయం చాలా తక్కువ. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి ఒంట్లో ఇన్సులిన్‌ను బలవంతంగా ఊరేలా చేస్తాయి. వాటితో లాంగ్ రన్‌లో షుగర్ పడిపోవచ్చు. చాలా మాత్రల్లో ఈ రెండు రకాలూ కలిసే ఉంటాయి కాబట్టి, స్ట్రిప్ వెనక పేర్లు చదవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మందులు చక్కెరను మూత్రంలో పంపేస్తాయి. వాటితో నీరు తగ్గడమే కాదు, షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు పెరిగే ప్రమాదం ఉంది. పెద్ద పందానికి ముందు వాటిని ఆపాలా, ఎన్ని రోజుల ముందు ఆపాలా అన్నది డాక్టర్‌ను తప్పనిసరిగా అడగాలి.

ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు టైప్ ఏదైనా నాలుగు పరీక్షలు కావాలి: కంటి రెటీనా, పాదాల స్పర్శ, గుండె, కిడ్నీ. రెటీనాలో కొత్త రక్తనాళాలు పెరుగుతున్నవారు తీవ్ర వ్యాయామం చేస్తే కంట్లో రక్తస్రావం కావచ్చు. పాదాలకు స్పర్శ తగ్గినవారికి బొబ్బ పడినా తెలియదు. పరుగు అయ్యాక సాక్సులు తీసి రెండు పాదాలనూ చూసుకోవడం రోజూ చేయాల్సిన పని.

సెన్సర్, ఈత, ఎండ

చేతికి అంటించుకునే సెన్సర్ వల్ల పరుగులోనే అంకె చూడగలుగుతున్నారు. అయితే అది కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద ఉండే ద్రవాన్ని. షుగర్ వేగంగా పడుతున్నప్పుడు సెన్సర్ కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. సెన్సర్‌లో 95 కనిపించి బాణం కిందికి చూపిస్తుంటే, రక్తంలో అంకె అప్పటికే ఇంకా కింద ఉండవచ్చు. అంకె కన్నా బాణం ముఖ్యం. అనుమానం వస్తే వేలు గుచ్చి చూడాలి. వేలికి జెల్ అంటుకుని ఉంటే తప్పుడు అంకె వస్తుంది, ముందు కడుక్కోవాలి.

సెన్సర్ కొనలేనివారు ట్రైనింగ్‌లో ప్రతి అయిదు కిలోమీటర్లకు గ్లూకోమీటర్‌తో చూసుకుని రాసుకోవచ్చు. పది, పదిహేను లాంగ్ రన్‌లు అయ్యేసరికి తన షుగర్ ఎక్కడ పడుతుందో మనిషికి తెలిసిపోతుంది.

ఈతలో బ్లూటూత్ నీళ్లలో పనిచేయదు. సముద్రంలో ఉన్నంతసేపూ వాచీకి అంకె రాదు. అందుకే నీళ్లలోకి దిగే ముందే షుగర్ సురక్షితంగా ఉండాలి, ఈత బట్టల్లో ఒక జెల్ దాచుకోవాలి. ఐరన్‌మ్యాన్‌లో బయటివాళ్లు జెల్ గానీ నీళ్లు గానీ అందిస్తే శిక్ష పడుతుంది. దారి పక్కన నిలబడ్డ అబ్బా ప్రేమగా ఇచ్చిన జ్యూస్ కూడా బయటి సాయం కిందకే వస్తుంది. మందులు, మీటర్, ఫోన్ వెంట ఉంచుకోవడానికి ఏం అనుమతిస్తారో ప్రతి పందెం నిర్వాహకులను ముందే రాతపూర్వకంగా అడగాలి.

ఇన్సులిన్ ఎండకు పాడవుతుంది. విమానంలో చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి. చెక్-ఇన్ బ్యాగులో గడ్డకట్టినా, కారు డ్యాష్‌బోర్డు మీద వేడెక్కినా అది పనికిరాదు.

ఇన్సులిన్‌కు అనుమతి పత్రం

చాలామందికి తెలియని విషయం ఇది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధిత జాబితాలో ఇన్సులిన్ ఉంది. పోటీ ఉన్న రోజే కాదు, ఏడాది పొడవునా నిషేధమే. వైద్య అవసరం ఉన్నవారు చికిత్స కోసం మినహాయింపు పత్రం తీసుకోవాలి. మన దేశంలో జాతీయ స్థాయి క్రీడాకారులు దీని కోసం నాడాకు దరఖాస్తు చేస్తారు. షుగర్ ఎప్పుడు తేలింది, ఏ పరీక్షలతో తేలింది, ఏ ఇన్సులిన్ ఎంత వాడుతున్నారు అన్న డాక్టర్ రిపోర్టులు జతచేయాలి. పోటీకి కనీసం 30 రోజుల ముందు పంపాలి.

మెట్‌ఫార్మిన్ నిషేధిత జాబితాలో లేదు. కానీ షుగర్‌తో పాటు బీపీ ఉన్నవారు ఒకటి గమనించాలి. బీపీ మాత్రల్లో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటే అది నిషేధితమే. టెల్మిసార్టన్ పేరు పక్కన 'హెచ్' అని ఉండే మాత్రల్లో సాధారణంగా ఉండేది ఇదే. కష్టపడి సాధించిన టైమ్ ఒక మాత్ర వల్ల రద్దు కాకుండా ఉండాలంటే, వాడే ప్రతి మందునూ ముందే సరిచూసుకోవాలి.

రంజాన్ నెలలో ట్రైనింగ్

అర్హత ప్రయత్నం ఏడాది పొడవునా సాగుతుంది కాబట్టి రంజాన్ నెల మధ్యలో వస్తుంది. షుగర్, రంజాన్‌పై అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు ప్రతి మనిషికీ ప్రమాద స్థాయిని లెక్కగట్టే పద్ధతి ఇచ్చాయి. టైప్ 1, తరచూ షుగర్ పడిపోవడం, కఠిన శారీరక శ్రమ, ఇవన్నీ ఆ లెక్కలో ప్రమాదాన్ని పెంచేవే. రోజా ఉన్నప్పుడు షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే విరమించాలని అవి చెబుతున్నాయి. రోజా ఉండాలా వద్దా అన్నది నెల మొదలవక ముందే డాక్టర్‌తోనూ, ఆలిమ్‌తోనూ మాట్లాడి తేల్చుకోవాలి. ట్రైనింగ్ వరకు చెప్పాలంటే, పగటిపూట లాంగ్ రన్ వద్దు. ఆ నెలలో దూరం తగ్గించి, అర్హత పందేన్ని ఈద్ తర్వాత రెండు మూడు నెలలకు పెట్టుకోవడం తెలివైన పని.

ఇంట్లోవారు నేర్చుకోవలసినవి

- షుగర్ పడిపోతున్న గుర్తులు: చెమట, వణుకు, మాట తడబడటం, కారణం లేని కోపం, దారి తప్పిన నడక.
- స్పృహలో ఉంటే గ్లూకోజ్ ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయాలి. గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో ఉంటే ఎలా ఇవ్వాలో ముందే డాక్టర్ దగ్గర నేర్చుకోవాలి.
- లాంగ్ రన్ చేసిన రాత్రి పడుకునే ముందు షుగర్ చూడాలి. అవసరమైతే రాత్రి మధ్యలో ఒకసారి అలారం పెట్టుకుని చూడాలి.
- పరిగెత్తేవారి చేతికి షుగర్ ఉన్నట్టు, ఎవరికి ఫోన్ చేయాలో తెలిపే పట్టీ ఉండాలి. బిబ్ నంబరు వెనక కూడా అదే రాయాలి.
- తోడు పరిగెత్తే ఇద్దరు ముగ్గురికి విషయం చెప్పి ఉంచాలి. దాచిపెడితే ఆపద వేళ ఎవరికీ ఏం చేయాలో తెలియదు.

ఎంత కాలం పడుతుంది?

కొత్తగా పరుగు మొదలుపెట్టినవారు మొదటి ఏడాదే అర్హత టైమ్ ఆశించకూడదు. ముందు 10 కిలోమీటర్లు, తర్వాత హాఫ్ మారథాన్. ఈ దశలో వేగం కన్నా షుగర్ నోట్‌బుక్ ముఖ్యం. మొదటి పూర్తి మారథాన్ లక్ష్యం ఒకటే ఉండాలి: ఎక్కడా షుగర్ పడిపోకుండా చివరి గీత దాటడం. అది రెండు సార్లు సాధించాక వేగం మీద పడవచ్చు.

అర్హత కోసం ఎంచుకునే పందెం చల్లని నెలల్లో, సమతలంగా ఉన్న దారిలో ఉంటే మేలు. ఫ్లైఓవర్లు ఎక్కి దిగే ఆగస్టు ఉక్కపోతలో వేగంతో పాటు షుగర్‌ను కూడా అదుపులో పెట్టడం కష్టం. లక్ష్యం టైమ్‌ను కూడా బోస్టన్ గీత కన్నా ఏడెనిమిది నిమిషాలు ముందు పెట్టుకోవాలి. ఇటీవలి ఏళ్లలో చోటు దక్కించుకున్నవారు అయిదారు నిమిషాలు ముందున్నారు. మిగిలిన ఒకటి రెండు నిమిషాలు షుగర్ ఉన్నవారికి దారిలో నడక తగ్గించి బాణం చూసుకోవడానికి, ఒక జెల్ ఎక్కువ తినడానికి, అవసరమైతే వేలు గుచ్చి చూసుకోవడానికి పనికొస్తాయి.